మూడో ప్లగ్గు

ఇంజను ఆపి, టీ తాగి వచ్చేసరికి
నడుమెత్తున నిలిపిన కోతమిషను
నేలకి ఆనుకుని ఉంటుంది,
ఎవరూ తిట్టకుండానే తల దించుకున్న పిల్లాడిలా.

ఎత్తమంటే మూలుగుతుంది.
జానెడు లేచి, ఆగి, వణికి,
మళ్లీ ఒక బెత్తెడు.

లీట్రిమ్‌లో నాకున్నది మూడెకరాల తుంగ.
వానకీ వానకీ మధ్య దొరికిన రెండు పొడి రోజుల్లో కోసుకోవాలి.
ఆ రెండు రోజులూ ఇవే.

బండి నాకంటే ఆరేళ్లు చిన్నది.
ఓడెక్కి వచ్చిన పాత సరుకు, స్లైగోలో కొన్నాను.
మడ్‌గార్డు మీద స్టిక్కర్ల నిండా జపాను అక్షరాలు.
తాబేలు బొమ్మంటే మెల్లగా, కుందేలంటే జోరుగా.
పదకొండేళ్లుగా ఆ భాషలో నా చదువు అంతవరకే.

పక్క పొలం ఫెలిమ్ వచ్చాడు.
ముప్ఫై ఏళ్లు పాల డెయిరీలో పంపులు చూసిన మనిషి.
పొడుగాటి స్క్రూడ్రైవరు మొన పంపుకి ఆనించి
పిడి చెవికి పెట్టుకుని
కళ్లు మూసుకున్నాడు.
"పంపు బాగానే ఉంది, డింప్నా.
తాగడానికి నూనె అందక గాలి మింగుతోంది."
"కొత్త పంపు వెయ్యాలన్నాడు, ఆరువందల యూరోలు."
"అన్నవాడు అమ్మేవాడేగా."

వేడి మీదుండగానే దించాలన్నాడు.
అరగంట తిప్పుకొచ్చాను.
బండి కింద వెల్లకిలా పడుకుంటే మూడు ప్లగ్గులు.
మూడోది ఎండిన మట్టి కింద ఉంది.
ఇన్నేళ్లలో దాని ముఖం నేను చూడనేలేదు.

మా అక్క కూతురికి స్నానం పోసిన తొట్టిలోకి
పద్దెనిమిది లీటర్లు దిగింది,
పాలెక్కువైన టీ రంగులో.
"నీళ్లు," అన్నాడు ఫెలిమ్.
ఇద్దరం ముందు ఆకాశం వైపు చూశాం,
తర్వాత గేరు రాడ్డు మొదట్లో
చీలిపోయిన రబ్బరు తొడుగు వైపు.
బరకం కప్పి ఉంచమని అమ్మినవాడు చెప్పాడు.
నేను బరకాన్ని పొయ్యిలోకి దాచుకున్న పీటు గడ్డల మీద కప్పాను.

జల్లెడ విప్పితే నల్లటి జిగురు, అందులో వెండి మెరుపు.
వేళ్ల మధ్య రుద్ది చూశాడు.
"పొడైతే వయసు. ముక్కలైతే భయపడు."
పొడే.

డీజిల్లో ముంచి, అరిగిన పళ్ల బ్రష్షుతో తోముతుంటే
మడతలో ఏదో ఇరుక్కుని కదలట్లేదు.
పిన్నీసుతో తీశాను.
గింజ మీది పొట్టు.
చిన్న పడవలా ఉంది,
ఒళ్లంతా సన్నటి గీతలు, నూగులాంటి గరుకు.
నూనెలో ఇన్నేళ్లు నానినా
వేలికి ఇంకా గరుకే.
ఓట్స్ కాదు. బార్లీ కాదు.
ఫెలిమ్ కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి చూసి
"మన దగ్గర పండేది కాదిది," అన్నాడు.

నూర్పిళ్ల రోజు, గాలి.
ఎవరో మూత తీసి నూనె పోస్తూ
చెమట తుడుచుకోవడానికి ఒక్కసారి ముఖం తిప్పారు.
అంతకుమించి ఊహించలేను.
ఆ మనిషి చేతులూ నాకు కనిపించవు, ఆ పంటా కనిపించదు.

అసలు దొంగ వేరే ఉన్నాడు.
పంపుకి వెళ్లే గొట్టం అతుకులో
రబ్బరు రింగు, గుండ్రంగా ఉబ్బి ఉండాల్సింది,
పలకబారి, రాయిలా గట్టిపడి ఉంది.
ఫెలిమ్ పొగాకు డబ్బాలో అలాంటివి నలభై ఉన్నాయి.
మూడు పెట్టి చూశాడు. నాలుగోది కుదిరింది.
డబ్బులిస్తానంటే నవ్వలేదు కూడా.

కొత్త నూనె తేనె రంగు.
పోసి, తిప్పి, లిఫ్టుని పైకీ కిందికీ పదిసార్లు ఆడిస్తే
లోపలి గాలి తేన్పులు తేన్పులుగా బయటికొచ్చింది.
గీత దిగింది. ఇంకో లీటరు పోశాను.
అప్పుడు లేచింది కోతమిషను,
వణుకు లేకుండా, ఒకే ఊపున, చప్పుడైనా చెయ్యకుండా.

టీ తాగి వచ్చాం.
బెత్తెడు దిగి ఉంది.
"సిలిండరు లోపలి సీలు," అన్నాడు ఫెలిమ్, టోపీ పెట్టుకుంటూ.
"దాని రోజు దానికి వస్తుందిలే."

పొట్టుని పారెయ్యలేదు.
తాబేలు స్టిక్కరు అంచు లేచి ఉంటే దాని కింద దూర్చి
బొటనవేలితో అదిమాను.

రెండెకరాలు కోసేసరికి చినుకులు.
పరిగెత్తి బరకం లాక్కొచ్చి బండి మీద కప్పాను.
పీటు తడిసింది.